ఎడమ చేతి వైపు కొండ

మా సోషల్ మాస్టారు మమ్మల్ని ఎవర్నీ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. రేపల్లె హైస్కూల్లో మా తొమ్మిదో తరగతి గదికి ఆయన దృష్టిలో ఎనిమిది దిక్కులుండేవి. ఎవరు ఏ దిక్కున కూర్చుంటే ఆ దిక్కే వాళ్ళ పేరు. నేను ఆగ్నేయం. నా స్నేహితురాలు సుజాత వాయవ్యం. ఏ దిక్కుకీ చెందకుండా మధ్య బల్లల మీద కూర్చున్న అబ్బాయిలు నడిమధ్య ఒకటి, నడిమధ్య రెండు.

బళ్ళో సరే. నాకు పెళ్ళయి, తెనాలి స్టేషన్ రోడ్డులో మా ఆయనతో కలిసి జిరాక్సు షాపు పెట్టుకుని, జుట్టుకి రంగేసుకునే వయసొచ్చాక కూడా ఆయన షాపు మెట్లెక్కుతూ "ఏం ఆగ్నేయం, కులాసానా?" అనే అడిగేవారు. కాయితాలు పట్టుకుని నిలబడ్డ కస్టమర్లు ఇదేం పేరురా అన్నట్టు నావంక చూసేవాళ్ళు.

పోయిన నెల బాపట్ల నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. "మావయ్యగారు పోయారండి. నిద్రలోనే పోయారు" అంది. మళ్ళీ తనే, "ఆగ్నేయం అంటే మీరేగా అండి?" అని అడిగింది. ఆయన పుస్తకంలో నా నంబరు ఆ పేరు కిందే రాసి ఉందట. అవునన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, మా ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

దిక్కులంటే ఆయనకి అంత ఇది. పెళ్ళి భోజనాల్లో కూర్చుంటే వడ్డించేవాడితో "పప్పు కాస్త పడమరకి వెయ్యి నాయనా" అనేవారు. వాడు బిక్కమొహం వేసుకుని విస్తరి చుట్టూ తిరిగేవాడు. మంగలి షాపులో "దక్షిణం చెవి దగ్గర ఇంకాస్త తియ్యి" అనేవారట. ఎడమా కుడీ అనే మాటలు ఆయనకి గిట్టవు. "నువ్వు వెనక్కి తిరిగితే నీ కుడి ఎడమైపోతుంది. నువ్వు తలకిందులుగా నిలబడ్డా తూర్పు తూర్పే" అనేవారు. ఎవరైనా దారి అడిగినప్పుడు "ఎడం పక్కకి తిరగండి" అని చెబితే, ఆ చెప్పినవాణ్ణి పక్కకి పిలిచి మందలించేవారు.

అలాంటి మనిషి ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అంటూ చెప్పిన పాఠం ఒక్కటే ఉంది. విశాఖపట్నం ఓడరేవు పాఠం.

ఆ పాఠం నడిచిన నాలుగు రోజులూ ఆ పీరియడు కోసం మేం ఎదురుచూసేవాళ్ళం. క్లాసు మొత్తాన్నీ లేచి నిలబడమనేవారు. "ఇప్పుడు మీరు విశాఖపట్నం బీచిలో ఉన్నారు. కిటికీ వైపు తిరగండి, అదే సముద్రం. ఎడమ చెయ్యి బారుగా చాచండి. ఆ చెయ్యే డాల్ఫిన్ ముక్కు అనే కొండ. గాలీవానా వస్తే లోపలున్న ఓడల్ని కాచే చెయ్యి అది" అనేవారు. గదిలో అందరి ఎడమ చేతులూ ఒకేసారి లేచేవి. ఒకరి చెయ్యి ఇంకొకరి మొహానికి తగిలేది, చిన్న తగాదాలయ్యేవి, ఆయన పట్టించుకునేవారు కాదు. పుస్తకంలో ఆ కొండ బొమ్మ ఒకటుండేదిగానీ, అచ్చు పూసుకుపోయి వంకాయలా కనబడేది. మాకు మాస్టారి చెయ్యే ఆధారం. పరీక్షలో ఎడమ అనే రాశాం, రాసినవాళ్ళందరికీ మార్కులొచ్చాయి.

ఇంతా చేసి ఆయన విశాఖపట్నం చూడలేదు. ఆ సంగతి మాకు పోయినేడాది దాకా తెలీదు.

పోయినేడాది మా నడిమధ్య రెండుగాడి కూతురి పెళ్ళి విశాఖలో జరిగింది. మాస్టార్ని కూడా పిలిచాడు. బాపట్లలో ఆయనా, తెనాల్లో నేనూ సుజాతా ఒకే రైలెక్కాం. పెళ్ళి పొద్దున్నే అయిపోయింది, తిరుగు రైలు సాయంత్రానికి. మధ్యలో ఏం చెయ్యాలా అనుకుంటుంటే, బీచి రోడ్డులో రెండంతస్తుల బస్సు తిరుగుతోందని పెళ్ళివారు చెప్పారు. ఒకసారి టిక్కెట్టు తీసుకుంటే రోజంతా చెల్లుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు, చూసుకుని వెనకాల వచ్చే బస్సు ఎక్కొచ్చు.

"ఎక్కి దిగడం, దిగి ఎక్కడం, ఇదేం సరదానే తల్లీ, మోకాళ్ళు పోతాయి. పైన కూర్చుని గాలి పీల్చుకుందాం, ఎక్కడా దిగొద్దు" అంది సుజాత. నేను సరేనన్నాను. మాస్టారు పై అంతస్తులో అందరికన్నా ముందు సీట్లో కూర్చుని, ఎండకి జేబురుమాలు నెత్తినేసుకుని, పెళ్ళికొచ్చిన చిన్నపిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నారు.

బస్సు సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఆగి ఉండగా, టోపీ పెట్టుకున్న గైడమ్మాయి మైకు తీసుకుంది. "సముద్రం వైపు తిరిగితే మీ కుడి చేతి వైపు కనిపిస్తున్న ఆ కొండే డాల్ఫిన్ నోస్. హార్బరుకి అదే రక్షణ" అని చెప్పింది.

మాస్టారు చెయ్యి పైకెత్తారు, బళ్ళో మేం ఎత్తినట్టు.

"కుడి కాదమ్మా. ఎడమ."

"కుడేనండి, తాతగారూ. అదిగోండి, కనబడుతోందిగా."

"నేను ముప్ఫయ్యేళ్ళు ఆ పాఠం చెప్పానమ్మా" అన్నారాయన నెమ్మదిగా.

ఆ పిల్ల మర్యాదగా కొండ వైపు చెయ్యి చూపించింది. మాస్టారు లేచి నిలబడి, సముద్రం వైపు తిరిగి, ఎడమ చేతి వైపు చూశారు. అటు బీచి, దూరంగా ఏవో భవనాలు. కుడి చేతి వైపు చూశారు. అక్కడ నిజంగానే ముక్కు సముద్రంలో ముంచినట్టు పెద్ద కొండ. రుమాలు నెత్తి మీంచి జారి కిందపడింది. ఎవరో తీసి ఇచ్చారు. దాన్ని చేత్తో పట్టుకుని గబగబా మెట్లు దిగి బస్సులోంచి బయటికెళ్ళిపోయారు. మేమూ వెనకాలే పరిగెత్తాం. మోకాళ్ళ సంగతి సుజాతకి గుర్తు రాలేదు.

ఇసకలోకి వెళ్ళి, అలలకి ఎదురుగా నిలబడి, చాలాసేపు చూశారు. బస్సు వెళ్ళిపోయింది. వెనకది ఎక్కాం. తెన్నేటి పార్కు దగ్గర మళ్ళీ దిగిపోయారు. ఒక స్టాపులో తప్పయింది ఇంకో స్టాపులో సరవుతుందేమోనని ఆయన ఆశ కాబోలు. అక్కడా కొండ కుడి వైపే ఉంది. ఇంకో బస్సెక్కాం. కైలాసగిరి దగ్గర దిగి పైదాకా వెళ్ళాం. ఊరంతా, హార్బరంతా పరుపు మీద పరిచినట్టు కనబడే చోట కమ్మీ పట్టుకుని నాలుగు దిక్కులకీ తిరిగి చూశారు. కొండ మాత్రం తిరగలేదు.

అక్కడే అడిగారు నన్ను.

"ఆగ్నేయం, నువ్వు ఈ ఊరు ఇంతకుముందు వచ్చావా?"

"నాలుగైదుసార్లు వచ్చానండి."

"ఈ కొండ చూశావా?"

"చూశానండి."

"ఎటు ఉంది?"

"కుడి వైపే ఉందండి."

"మరి?"

నిజం చెప్పక తప్పలేదు. "ఇది వేరే కొండేమో అనుకున్నానండి. మీరు ఎడమ అన్నారుగా."

ఆయన మొహం ఎట్లాగో అయిపోయింది. "వాయవ్యం, నువ్వో?"

"నేను సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగానండి" అంది సుజాత. "అప్పుడు ఎడం పక్కే ఉంది. మీరు చెప్పినట్టే ఉందే అనుకుని ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పానండి."

ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆయన నవ్వలేదు. "కళ్ళతో చూసి కూడా నా మాటే నమ్మారన్నమాట" అన్నారు. అది పొగడ్తో తిట్టో మాకు అర్థం కాలేదు. ఆయన గొంతు వింటే మాత్రం మేమేదో పెద్ద తప్పు చేసినట్టనిపించింది.

ఋషికొండలో కూడా దిగారు. అక్కడికి ఆ కొండ కనబడదని తెలిసి, మరమరాలతో మురీ మిక్చరు కలుపుతున్న ఆవిణ్ణి అడిగారు, డాల్ఫిన్ ముక్కు ఎటమ్మా అని. ఆవిడ చేతిలో పొట్లంతోనే కుడి పక్కకి చూపించి, "ఊరికి అవతల ఉంది బాబూ, ఇక్కడికి కనపడదు. మిక్చరు కట్టమంటారా?" అంది. ముగ్గురం తలా ఒక పొట్లం తిన్నాం. ఆయన తింటూనే తల అడ్డంగా ఊపుతున్నారు.

తిరుగు ప్రయాణంలో ఎక్కిన బస్సులో పొద్దుటి గైడమ్మాయే ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది. మాస్టారు తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళి, "ఒక్క నిమిషం ఆ మైకు ఇస్తావా అమ్మా?" అని అడిగారు. పెద్దాయన, పాటో పద్యమో పాడతారనుకుంది పాపం, ఇచ్చేసింది.

"పొద్దున ఈ అమ్మాయి కొండ కుడి వైపు ఉందని చెబితే నేను కాదన్నాను. ఈ అమ్మాయి చెప్పిందే నిజం. నాది తప్పు" అన్నారు మైకులో.

బస్సులో ఉన్నవాళ్ళు పొద్దుటివాళ్ళు కారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒకాయన మాత్రం ఎందుకైనా మంచిదని చప్పట్లు కొట్టాడు. గైడమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫర్లేదండి తాతగారూ, నేను కూడా మొదట్లో తడబడేదాన్ని" అంది.

రైల్లో గోదావరి బ్రిడ్జి వచ్చినా ఆయన కిటికీలోంచి తొంగి చూడలేదు. ఏలూరు దాటాక అడిగారు.

"మన క్లాసులో ఎంతమంది దొరుకుతారంటావు?"

ఆ ప్రశ్నకి అర్థం నాకు వారం తర్వాత తెలిసింది. పొద్దున్నే షాపు తీస్తుంటే మెట్ల మీద ఉన్నారు. చేతిలో రెండొందల పేజీల పుస్తకం. అందులో మా తరగతి గది గీసి, ఎనిమిది దిక్కుల్లో, మధ్యలో, ఎవరెవరు కూర్చునేవాళ్ళో గళ్ళు వేసుకున్నారు. నాదీ సుజాతదీ అప్పటికే టిక్కు పెట్టి ఉన్నాయి. మిగతావాళ్ళ ఊళ్ళు కావాలన్నారు. ఇంటింటికీ వెళ్ళి చెప్పొస్తారట, కొండ కుడి వైపు ఉందని.

"వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తానండి, ఒక్క నిమిషంలో అందరికీ చేరుతుంది" అన్నాను.

"తప్పు ఎదురుగా నిలబడి చెప్పాను. దిద్దడం కూడా ఎదురుగానే."

"మరి మిగతా బ్యాచిలవాళ్ళో?"

"వాళ్ళ సంగతి తర్వాత. మీ బ్యాచి బాగా గుర్తుంది, ముందు మీతో మొదలెడతా" అన్నారు.

ఆ ఎండాకాలం ఆయన తిరిగిన తిరుగుడు చూసి తీరాలి. బాపట్లలో బయల్దేరి తెనాలి రావడం, నా షాపులో కాఫీ తాగడం, రేపల్లె రైలెక్కడం. రేపల్లెలో రైసుమిల్లు నడుపుతున్న నడిమధ్య ఒకటి దగ్గరికి మిల్లుకే వెళితే, మాస్టారు ఊరికే రారు, ఏ గుడికో బడికో చందా అడగడానికొచ్చారు కాబోలనుకుని వాడు కూల్‌డ్రింకు తెప్పించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. ఈయన చెప్పాల్సింది చెప్పారు.

"అంతేనాండి?" అన్నాడట వాడు.

"అంతే."

"అంటే, దానికోసమే వచ్చారాండి?"

"దానికోసమే వచ్చాను."

వాడు నాకు ఫోన్ చేశాడు. "మాస్టారి ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. "నాకా కొండా గుర్తులేదు, ఆ పాఠమూ గుర్తులేదు. ఆ మాటంటే ఆయన నన్ను నిలబెట్టి, చెయ్యి చాపించి, పాత పాఠమంతా మళ్ళీ చెప్పి, అప్పుడు అది తప్పని చెప్పారు" అన్నాడు. మిల్లులో పనివాళ్ళంతా చూస్తుండగానట.

వానలు మొదలయ్యే ముందు, సముద్రం పక్క ఊరు అడవులదీవికి నన్ను తోడు రమ్మన్నారు. మోకాలు నొప్పి, ఒక్కరూ వెళ్ళలేనన్నారు. అక్కడ మా నైరుతి ఉన్నాడు. బళ్ళో తలుపు పక్కన కూర్చుని ఎప్పుడూ బయటికే చూసేవాడు. పదో తరగతి తప్పి, బోటు మీద పనికెళ్ళి, అటూ ఇటూ చాలా రేవులు తిరిగి, మళ్ళీ ఊరు చేరాడు. మేం వెళ్ళేసరికి ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మాస్టార్ని చూసి గబుక్కున లేచి, లుంగీ దించుకుని, చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

మాస్టారు మంచం మీద కూర్చుని చెప్పారు. "నాయనా, విశాఖపట్నం కొండ సంగతి మీకు తప్పు చెప్పాను. ఎడమ వైపన్నాను. అది కుడి వైపు."

నైరుతి ఆయన్నీ నన్నూ మార్చిమార్చి చూశాడు. "తప్పేంటండి? ఎడం పక్కేనండి."

"కాదు. నేను కళ్ళతో చూసొచ్చాను."

"నేనూ చూశానండి. మొదటిసారి బోటు మీద విశాఖ పోయినప్పుడు, తెల్లారగట్ట మంచులో కంటికేదీ ఆనట్లేదు. బోటు నడిపే సరంగు కూడా కొత్తోడేనండి. రేవులోకి పోయే మొగ ఎక్కడా, ఎటు తిప్పాలా అని తంటాలు పడుతుంటే ఎడం పక్కన కొండ లేచిందండి. మా మాస్టారు చెప్పిన కొండ ఇదే, దీన్ని ఎడమ చేతికి ఉంచుకుని లోపలికి పోనియ్యి అని నేనే చెప్పానండి. ఆ రోజు నుంచి సరంగు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

మాస్టారు అక్కడ పడున్న పుల్ల తీసి నైరుతి చేతికిచ్చి, గియ్యమన్నారు. వాడు నేల మీద ఒడ్డు గీశాడు, కొండ గీశాడు, నీళ్ళలోంచి వచ్చే బోటు గీశాడు. నిజమే, సముద్రంలోంచి లోపలికి వచ్చేవాడికి ఆ కొండ ఎడమ చేతి వైపే ఉంది.

మాస్టారు ఆ గీతల మీదికి వంగి కూర్చున్నారు. వంగినవారు వంగినట్టే ఉండి మెల్లగా నవ్వడం మొదలెట్టారు. విశాఖ నుంచి వచ్చాక ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

"నాకు చదువు చెప్పిన మాస్టారు రంగం, అదే రంగూన్ నుంచి వచ్చినాయన" అన్నారు. "బర్మాలో పుట్టి, చిన్నప్పుడు ఓడెక్కి ఇటొచ్చేశారు. ఈ పాఠం నాకు ఆయనే చెప్పారు. ఓడ మీంచి చూసింది చూసినట్టు చెప్పారు పాపం. నేను దాన్ని తీసుకొచ్చి బీచిలో నిలబెట్టాను." గీతల మీంచి తలెత్తి, "ఆయన చూసింది చెప్పారు, నేను చూడంది చెప్పాను. అదీ తేడా" అన్నారు.

నైరుతి భార్య చేపల పులుసుతో అన్నం పెట్టింది. మాస్టారు రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. "పులుసు కాస్త ఉత్తరం వైపు పొయ్యమ్మా" అన్నారు. ఆవిడ క్షణం కూడా తడుముకోకుండా సరిగ్గా ఉత్తరానే పోసింది. సముద్రం మీదికెళ్ళే మనిషి భార్యకి ఒకరు చెప్పాలా.

ఆయన ఊరటపడ్డారనీ, ఇక ఊరుకుంటారనీ అనుకున్నాను. బస్సెక్కాక పుస్తకం తీసి అందరి టిక్కుల మీదా అడ్డగీతలు గీసేశారు.

"అదేంటండి?"

"అందరికీ కుడి వైపని చెప్పొచ్చానుగా. అదీ సగమే. సముద్రంలోంచి వస్తే ఎడమ, ఒడ్డున నిలబడితే కుడి. మళ్ళీ వెళ్ళాలి."

మళ్ళీ వెళ్ళారు. రైసుమిల్లు నడిమధ్య ఒకటి ఈయన్ని గేటు దగ్గర చూడగానే లేచొచ్చి, "ఏంటండి మాస్టారూ, కొండ మళ్ళీ మారిందా?" అని అడిగాడట. సుజాతకి రెండోసారి చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. అది శ్రద్ధగా విని, "అయితే నేను ఫొటో దిగింది కరెక్టేనాండి?" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, నీ ఫొటోకి వేరే పాఠం కావాలన్నారు.

అందరి దగ్గరికీ వెళ్ళారుగానీ ఒక్కరి దగ్గరికి వెళ్ళలేకపోయారు. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో ఉంటున్న మా ఈశాన్యం. దాని చిరునామా మాకు ఆలస్యంగా దొరికింది. అప్పటికి ఆయన మోకాలు బాగా మొండికేసింది. వానలు తగ్గాక పోదాం అన్నారు. తగ్గాయి. ఆయనే లేరు.

పెద్దకర్మకి బాపట్ల వెళ్ళినప్పుడు ఆయన కోడలు ఆ పుస్తకం తెచ్చి చూపించింది. అన్ని గళ్ళలోనూ రెండేసి టిక్కులు, ఒకటి కొట్టేసింది, ఒకటి కొత్తది. పై మూల ఒక్క గడి ఖాళీ. నేను పుస్తకం అడగలేదు, అది వాళ్ళింట్లో ఉండడమే న్యాయం. మర్నాడు షాపు మా ఆయనకి అప్పజెప్పి నగరం బస్సెక్కాను.

ఈశాన్యం సెంటర్లో టిఫిన్ బండి పెట్టుకుంది. పొయ్యి మీద పెద్ద పెనం, పక్కన పిండి గిన్నె. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. గుర్తుపట్టాక చేతులు కడుక్కుని వచ్చి గట్టిగా పట్టుకుంది. మాస్టారు పోయిన సంగతి చెప్పాను. స్టూలు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన నీకొక మాట చెప్పాలనుకున్నారే. రాలేకపోయారు. ఓడరేవు పాఠంలో..." అని మొదలెట్టాను.

"నాకా పాఠం తెలీదు" అంది.

"తెలీదా?"

"అప్పుడు మా అమ్మకి బాలేక నేను చాన్నాళ్ళు బడికి రాలేదుగా. తిరిగొచ్చేసరికి మీరంతా హార్బరు హార్బరు అంటూ చేతులు చాచి ఆడుకుంటున్నారు. నాకేమీ తెలిసేది కాదు. మాస్టార్ని అడుగుదామంటే భయమేసింది. మిమ్మల్ని అడిగితే నవ్వుతారని మానేశాను." పొయ్యి మంట తగ్గించింది. "ఇప్పుడు చెప్పు. అసలేంటది?"

తెలిసినవాళ్ళకి దిద్దడమే అనుకుని వెళ్ళాను, మొదట్నించీ చెప్పాల్సొచ్చింది. ఎప్పుడూ ఎవరికీ పాఠం చెప్పిన దాన్ని కాదు. సముద్రం ఎటుందో, ఊరు ఎటుందో, నీళ్ళు లోపలికి ఎలా వచ్చాయో, కొండ గాలిని ఎలా ఆపుతుందో చెప్పాను. ఒడ్డు నుంచి ఎటో, ఓడ నుంచి ఎటో రెండూ చెప్పాను. మధ్యలో తడబడి రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. దోసెల కోసం నిలబడ్డవాళ్ళు కూడా వింటున్నారు. ఒకాయన ఖాళీ ప్లేటు పట్టుకునే, "ఇంతకీ ఆ కొండ అవతలి పక్క ఏముంటుందండి?" అని అడిగాడు.

నోటిదాకా ఏదో వచ్చింది. ఊళ్ళుంటాయనో, సముద్రమే ఉంటుందనో చెప్పేస్తే సరిపోయేది. ఎవరు చూడొచ్చారు.

"నాకు తెలీదండి. అటు నేనెప్పుడూ చూడలేదు" అన్నాను.

ఈశాన్యం మంట పెంచి, పెనం మీద నీళ్ళు చిలకరించింది. "బండి సోమవారం కట్టేస్తా" అంది. "విశాఖకి పొద్దున రైలు ఎన్నింటికి ఉంది?"